తపసుమాను నుంచి వెండితెర దాకా: కల–నిజాల సరిహద్దులో చిత్తూరు పడమటి ప్రాంతపు ప్రేక్షకుడు

వ్యాససంగ్రహం

సినిమా కలకూ నిజానికీ మధ్య గీతను చెరిపేస్తుందనీ, పల్లె ప్రేక్షకుడు నటుణ్ణే దేవుడనుకొని భ్రమపడ్డాడనీ ఒక అభిప్రాయం విద్యావంతుల్లో చాలాకాలంగా ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ప్రదర్శన సంప్రదాయాన్ని, తెలుగు కావ్యాల్లోని స్వప్నకథను, 1950–60 దశకాల పౌరాణిక, జానపద చిత్రాలను పక్కపక్కన పెట్టి ఆ అభిప్రాయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నటుణ్ణీ పాత్రనూ ఏకకాలంలో చూడగల నేర్పు ఈ ప్రాంతపు ప్రేక్షకుడికి సినిమా రాకముందే భారత ఉత్సవాల్లో అలవడింది. సినిమా ఆ నేర్పును వాడుకుంది. అయితే గీత దాటినవాణ్ణి వెనక్కి తీసుకువచ్చే క్రతువును మాత్రం వెంట తెచ్చుకోలేదు. మార్పంతా ఇక్కడే జరిగిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్వప్నం, చిత్రతురగ న్యాయం, భారత ఉత్సవం, తపసుమాను, టూరింగ్ టాకీసు, మాయాబజార్, విసర్జన.

1. ప్రశ్న – పరిధి

సినిమా చరిత్రల్లో తరచు కనిపించే కథ ఒకటుంది. లూమియేర్ సోదరులు స్టేషన్‌లోకి వస్తున్న రైలును తెరమీద చూపినప్పుడు, ప్రేక్షకులు అది నిజంగా తమ మీదికే వస్తున్నదని భయపడి పరుగెత్తారన్నది ఆ కథ. టామ్ గన్నింగ్ వంటి చరిత్రకారులు దీన్ని గట్టిగా ప్రశ్నించారు. ఆనాటి ప్రేక్షకులు తాము చూస్తున్నది యంత్రం చేస్తున్న వింత అని ఎరిగే ఆశ్చర్యపడ్డారని వారు వాదించారు. అయినా ఆ కథ చావలేదు. ‘తెలియని ప్రేక్షకుడు’ అనే ఊహ తెలిసినవాళ్లకు ఎప్పుడూ అవసరమే కాబట్టి కావచ్చు.

తెలుగునాట ఈ కథకు సమానమైనది నందమూరి తారకరామారావును కృష్ణుడిగా, వేంకటేశ్వరుడిగా భావించి మొక్కిన పల్లె ప్రేక్షకుడి కథ. ఈ ‘అమాయక ప్రేక్షకుడు’ అనే భావనను ఉమామహేశ్వరి భృగుబండ తెలుగు పౌరాణిక, భక్తి చిత్రాలపై చేసిన అధ్యయనంలో (2018) నిలదీశారు. తెలుగు సినిమా సామాజిక చరిత్రపై ఎస్.వి. శ్రీనివాస్ చేసిన కృషి కూడా ఈ చర్చకు పునాది. అయితే ఆ ప్రేక్షకుడు సినిమా డేరాలోకి అడుగుపెట్టేనాటికే ఏమి చూసి ఉన్నాడు, ఎలా చూడడం నేర్చుకొని ఉన్నాడు అన్న ప్రశ్న ఒక నిర్దిష్ట ప్రాంతం ఆధారంగా ఇంకా వివరంగా అడగవలసి ఉంది.

అందుకు ఎంచుకున్నది పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి భాగం. 1911లో జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె తాలూకా కడప జిల్లా నుంచి వచ్చి చేరింది. పుంగనూరు జమీందారీ సీమ. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోట, బెంగళూరు–జోలార్‌పేట రైలుమార్గం మీద ఉన్న ఊరు. ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపిస్తాయి. సరిహద్దులో బతికేవాడికి ఒకే వస్తువుకు రెండు మూడు పేర్లుండడం వింత కాదు. ఒకే మనిషికి రెండు రూపాలుండడం కూడా అతనికి అంత వింత కాదని ముందుముందు చూస్తాం.

2. కావ్యంలో కల: ఉష, చిత్రరేఖ

కల నిజమయ్యే కథల్లో మన సాహిత్యానికి అత్యంత ప్రియమైనది ఉషాపరిణయం. నాచన సోమన ఉత్తరహరివంశంలోనూ, పోతన భాగవతం దశమస్కంధంలోనూ ఈ కథ ఉంది. కూచిపూడి వారి యక్షగానాల్లో ఇది పేరు పొందింది. 1961లో కడారు నాగభూషణం దర్శకత్వంలో సినిమాగా కూడా వచ్చింది.

కథలోని అంచెలను గమనించాలి. బాణాసురుడి కూతురు ఉష, తాను ఎన్నడూ చూడని, వినని యువకుణ్ణి కలలో కలుసుకుంటుంది. మేలుకొని విలపిస్తుంది. చెలికత్తె, మంత్రి కుంభాండుడి కూతురు చిత్రరేఖ, దేవతల నుంచి రాజుల దాకా ఒక్కొక్కరినీ బొమ్మగా గీసి చూపిస్తుంది. అనిరుద్ధుడి బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఉష సిగ్గుతో తల వంచుకుంటుంది. అప్పుడు చిత్రరేఖ తన యోగశక్తితో ద్వారకకు వెళ్లి, నిద్రపోతున్న అనిరుద్ధుణ్ణి శోణపురానికి తెస్తుంది.

ఇక్కడ కల నేరుగా నిజం కాలేదు. నడుమ బొమ్మ ఉంది. కలగన్నది ఎవరినో ఉషకు తెలిసింది బొమ్మను చూశాకనే. బొమ్మ కలకు సాక్ష్యం చెప్పి, నిజానికి దారి చూపింది. అంతకన్నా ముఖ్యమైనది అనిరుద్ధుడి స్థితి. ఉషకు తన కల ఎదుట నిలిచింది. అనిరుద్ధుడు మాత్రం తన నిద్రలోంచి మరొకరి కలలోకి మేలుకున్నాడు. ఒకే గదిలో ఒకరికి కల ముగిసింది, ఇంకొకరికి మొదలైంది. తెరమీది నటుడికీ డేరాలోని ప్రేక్షకుడికీ మధ్య సంబంధం ఇందుకు చాలా దగ్గరిది. తన ఇంట నిద్రించే నటుడు తనకు తెలియని వేలమంది కలల్లో మేలుకొని తిరుగుతుంటాడు.

తాత్త్వికులకు ఈ సరిహద్దు కొత్త కాదు. మాండూక్యకారికల వైతథ్య ప్రకరణంలో గౌడపాదుడు జాగ్రద్వస్తువులను స్వప్నవస్తువులతో సమానంగా నిలబెట్టి, రెండింటి సత్యత్వాన్నీ తోసిపుచ్చాడు. మన చర్చకు దానికన్నా అలంకారికులు చేసిన విచారణ ఎక్కువ ఉపయోగపడుతుంది. అభినవభారతి, కావ్యప్రకాశాల ద్వారా మనకు అందిన శంకుకుడి మతం ప్రకారం, రాముడి వేషంలోని నటుణ్ణి చూసినప్పుడు సామాజికుడికి కలిగే ప్రతీతి నాలుగు లౌకిక ప్రతీతుల్లో దేనిలోనూ ఇమడదు. ‘ఇతడు నిజంగా రాముడే’ అనే యథార్థజ్ఞానం కాదు. తరువాత కాదని తేలిపోయే మిథ్యాజ్ఞానం కాదు. ‘రాముడా, కాదా’ అనే సంశయం కాదు. ‘రాముడిలా ఉన్నాడు’ అనే సాదృశ్యజ్ఞానం కూడా కాదు. చిత్రంలోని గుర్రాన్ని చూసి గుర్రమని అనుకోవడం వంటి విలక్షణ ప్రతీతి అది. దీన్నే చిత్రతురగ న్యాయం అన్నారు. భట్టతౌతుడు, అభినవగుప్తుడు శంకుకుడి అనుకరణవాదాన్ని ఖండించారన్నది నిజమే. అయినా ప్రేక్షకుడి అనుభవాన్ని భ్రమ అనే పెట్టెలో పడేయకుండా దానికంటూ వేరే చోటు ఇవ్వాలన్న శంకుకుడి పట్టుదల నేటికీ పనికివస్తుంది. గోడమీది గుర్రానికి ఎవరూ గడ్డి వేయరు. అయినా అది గుర్రమే.

3. తపసుమాను కింద

ఈ న్యాయాన్ని శాస్త్రంగా ఎరగని జనం దాన్ని ఆచరణగా ఎరుగుదురు. చిత్తూరు జిల్లాలోనూ దానికి ఆనుకొని ఉన్న ఉత్తర తమిళ ప్రాంతంలోనూ ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర ఎండాకాలంలో జరిగే భారత ఉత్సవాలు ఇందుకు సాక్ష్యం. తమిళ ప్రాంతపు ద్రౌపదీ ఆరాధనపై ఆల్ఫ్ హిల్టెబైటెల్ రెండు సంపుటాల (1988, 1991) విస్తృత అధ్యయనం చేశారు. తెలుగు వైపు ఈ సంప్రదాయానికి ఆ స్థాయిలో పరిశోధన ఇంకా జరగవలసి ఉంది.

ఉత్సవం ధ్వజారోహణంతో మొదలవుతుంది. పగలు హరికథగానో పురాణ ప్రవచనంగానో భారతకథ నడుస్తుంది. పగలు విన్న ఘట్టం రాత్రి వీధినాటకంగా తెల్లవారేదాకా సాగుతుంది. వేషాలు కట్టేవారూ చూసేవారూ చాలా సందర్భాల్లో ఒకే చుట్టుపక్కల పల్లెలవారు. పద్యం తప్పితే ఎవరు తప్పారో జనానికి తెలుసు. అర్జునుడి వేషం కట్టినవాడు రేపు ఏ పొలంలో కనిపిస్తాడో కూడా తెలుసు.

ఈ ఉత్సవానికి పతాకసన్నివేశం వంటిది అర్జునుడి తపస్సు. మైదానంలో ఎత్తైన మాను పాతుతారు. పైన చిన్న పీఠం ఉంటుంది. పాశుపతాస్త్రం కోసం తపస్సుకు బయలుదేరిన అర్జున వేషధారి పద్యాలు పాడుకుంటూ మెట్టు మెట్టుగా ఆ తపసుమాను ఎక్కుతాడు. కింద సంతానం కోరే స్త్రీలు తడిబట్టలతో నిరీక్షిస్తారు. అతడు పైనుంచి నిమ్మపండ్లు, పూలు, విభూతి విసురుతాడు. కొంగులో పడినది వరప్రసాదం.

బయటి పరిశీలకుడికి ఇది భ్రమగానే తోస్తుంది. కాని చూడవలసింది ఆ స్త్రీల ప్రవర్తన. మాను ఎక్కినవాడు ఎవరి కొడుకో వారికి తెలుసు. ఉత్సవం ముగిశాక అతడి ఇంటికి వెళ్లి పిల్లలు కావాలని వారు మొక్కరు. ఆ మాను మీద, ఆ ఘడియలో, ఆ వేషంలో ఉన్నంతవరకే అతడు అర్జునుడు. ‘నటుడు’ అన్న ఎరుక ‘అర్జునుడు’ అన్న ఎరుకను చెరపదు, రెండోది మొదటిదాన్ని చెరపదు. శంకుకుడు చెప్పిన విలక్షణ ప్రతీతికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. ఒక తేడా మాత్రం ఉంది. ఇక్కడ ఫలం రసానుభూతితో ఆగదు, సంతానం దాకా సాగుతుంది.

దుర్యోధన వధలో ఈ ద్వంద్వం మరింత విచిత్రంగా ఉంటుంది. మైదానంలో మట్టితో భారీ దుర్యోధన విగ్రహాన్ని పడుకోబెట్టి తీర్చిదిద్దుతారు. వేషధారులైన భీమ దుర్యోధనులు దాని చుట్టూ తిరుగుతూ యుద్ధం చేస్తారు. చివరకు గద దెబ్బ పడేది మట్టి తొడ మీద. అందులో దాచిన ఎర్రని నీరు పైకి చిమ్ముతుంది. ద్రౌపది శపథం తీరి కురులు ముడుచుకుంటుంది. అంటే ఒకే మైదానంలో దుర్యోధనుడు రెండు చోట్ల ఉన్నాడు: మాట్లాడే మనిషిగా ఒకచోట, చావవలసిన మట్టిగా మరొకచోట. ప్రేక్షకుడు ఈ ఇద్దరినీ కలిపి ఒక్కడిగా చూడగలడు, అవసరమైనప్పుడు విడదీయగలడు.

ఇక్కడ ఒక ఆక్షేపణను ఎదుర్కోవాలి. ఈ ఉత్సవాల్లో పూనకాలు వస్తాయి. వేషధారికే కాదు, చూసేవారికి కూడా. అప్పుడు ఎరుక ఎక్కడుంది? పూనకం వచ్చిన మనిషిలో గీత నిజంగానే చెరిగిపోతుందని ఒప్పుకోవలసిందే. అయితే సమాజం అందుకు సిద్ధంగా ఉంటుంది. పట్టుకునేవారు, వేపమండలు, కర్పూరహారతి, పసుపునీళ్లు అన్నీ అందుబాటులో ఉంటాయి. ఈ సందర్భంలో మన భాష ఇచ్చే సాక్ష్యం విలువైనది. వేషం కట్టడం ఉంది, దింపడం ఉంది. పూనకం రావడం ఉంది, దిగడం ఉంది. కంకణం కట్టడం ఉంది, విప్పడం ఉంది. జెండా ఎత్తడం ఉంది, దించడం ఉంది. ప్రతి ప్రవేశానికీ ఒక నిష్క్రమణ క్రియాపదం జంటగా ఉంది. అగ్నిగుండ ప్రవేశం, ధర్మరాజు పట్టాభిషేకం ముగిసి కంకణాలు విప్పేనాటికి ఊరు కలలోంచి లాంఛనంగా బయటికి వస్తుంది. ఆవాహన, విసర్జన అనే పూజాక్రమమే ప్రదర్శనకూ వర్తించింది.

మరొక సంగతి. రాత్రంతా సాగే వీధినాటకాన్ని ఎవరూ పూర్తిగా మేలుకొని చూడరు. పిల్లలు దుప్పట్లలో నిద్రపోతారు, రాయబారానికో యుద్ధానికో పెద్దలు తట్టి లేపుతారు. కొంత చూసింది, కొంత నిద్రలో విన్నది, కొంత ముందే తెలిసినది కలిసి ఒక్క కథవుతుంది. కలకూ నిజానికీ నడుమనున్న ఆ స్థితి ఈ ప్రాంతపు ప్రేక్షకుడికి సినిమా కొత్తగా నేర్పినది కాదు.

4. టూరింగ్ టాకీసు: ఆగి ఆగి సాగిన కల

తెలుగులో తొలి టాకీ హెచ్.ఎం. రెడ్డి తీసిన భక్తప్రహ్లాద. ఆ తరువాతి దశాబ్దాల్లో పల్లెలకు సినిమా చేరింది ప్రధానంగా టూరింగ్ టాకీసుల ద్వారా. పంట చేతికొచ్చే కాలంలోనో తిరునాళ్ల సమయంలోనో ఊరి బయట డేరా వేసేవారు. నేల, బెంచీ, కుర్చీ అని టిక్కెట్లలో అంతరాలు ఉండేవి. భారతం మిట్ట మీద నేలపై కూర్చున్నవాళ్లే ఇక్కడా నేల టిక్కెట్టు మీద కూర్చున్నారు.

సినిమా చూసే అనుభవాన్ని క్రిస్టియన్ మెట్జ్ (1977) కలతో పోల్చి ఒక ముఖ్యమైన తేడా చెప్పాడు: కలగనేవాడికి తాను కలగంటున్నట్టు తెలియదు, సినిమా చూసేవాడికి తాను సినిమాలో ఉన్నట్టు తెలుసు. టూరింగ్ టాకీసులో ఈ ‘తెలియడం’ దానంతటదే జరిగే ఏర్పాటు ఒకటుంది. సాధారణంగా అక్కడ ఉండేది ఒకే ప్రొజెక్టర్. రీలు మార్చవలసి వచ్చినప్పుడల్లా బొమ్మ ఆగి, దీపాలు వెలిగేవి. మూడు గంటల సినిమాకు మూడు నాలుగు విరామాలు. రాకుమారి రాక్షసుడి చెరలో ఉండగానే సోడాలు, మురుకులు, వేరుశనక్కాయలు అమ్మేవాళ్లు తిరిగేవారు. ఫిల్ము తెగితే ఈలలు, కేకలు. యంత్రం వెనక మనిషి ఉన్నాడని ప్రేక్షకుడు మరచిపోయే అవకాశమే లేదు.

జనం సినిమాకు పెట్టుకున్న పేరు కూడా గమనార్హం. ‘బొమ్మ పడింది’, ‘బొమ్మ బాగా ఆడింది’, ‘బొమ్మ ఎత్తేశారు’ అంటారు. తోలుబొమ్మలాట నుంచి వచ్చిన మాట కావచ్చు, బొమ్మలు కదిలే వింత నుంచి పుట్టింది కావచ్చు. ఏదైనా, చూస్తున్నది బొమ్మ అన్న ఎరుక ఆ మాటలోనే ఉంది. సినిమాను ‘బొమ్మ’ అని పిలిచేవాడు బొమ్మను నిజమనుకున్నాడని వాదించడం అతని భాషను వినకపోవడమే అవుతుంది.

రెండు ప్రొజెక్టర్ల పక్కా థియేటర్లు వచ్చాక రీలు రీలుకూ మధ్య దీపం వెలగడం మానేసింది. కల అతుకులు లేకుండా సాగింది. సాంకేతికంగా అది మెరుగుదల. ప్రేక్షకుడికి అప్పటిదాకా యంత్రమే చేసిపెట్టిన చిన్నచిన్న విసర్జనలు పోవడం దాని మరో ముఖం.

5. ప్రియదర్శిని, ఇద్దరు అభిమన్యులు

ఈ ప్రేక్షకుడి ముందుకు వచ్చిన చిత్రాల్లో కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957), జగదేకవీరుని కథ (1961) ప్రత్యేకంగా చర్చించదగినవి. మూడూ కోరిక నిజం కావడం గురించిన కథలే. తోటరాముడు అందని రాకుమారిని కోరుకున్నాడు. జగదేకవీరుడు ప్రతాపుడు దేవకన్యలను కోరుకొని, ఆ మాట బయటపెట్టినందుకు తండ్రి ఆగ్రహానికి గురై దేశాలు పట్టాడు. కలవంటి కోరికను పైకి చెప్పడమే నేరమైన లోకంలో దాన్ని నిజం చేసుకొని తిరిగిరావడం ఆ కథ.

మాయాబజార్‌లోని ప్రియదర్శిని పేటికను తెలుగు సినిమా తన గురించి తాను చెప్పుకున్న మాటగా చదవవచ్చు. అది తెరిచినవారికి తమకు అత్యంత ప్రియమైనది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు కనిపిస్తాయి. కృష్ణుడికి మాత్రం కనిపించేది శకుని. ఒకే పెట్టె, చూసేవారిని బట్టి వేరువేరు బొమ్మలు. అంటే తెరమీద కనిపించేది లోకంలో ఉన్నది కాదు, చూసేవారి లోపల ఉన్నది. ఉష కలను చిత్రరేఖ బొమ్మగా గీసినట్టే పింగళి నాగేంద్రరావు రచన, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణం కలిసి కోరికను కంటికి కనిపించే వస్తువుగా మార్చాయి. సినిమా మాయను దాచలేదు. మాయ పేరు శీర్షికలోనే పెట్టి, మాయ ఎలా పనిచేస్తుందో ఘటోత్కచుడి చేత చేయించి చూపింది. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని ప్రేక్షకుడికి తెలుసు, పెళ్లివారికి తెలియదు. సావిత్రి ఒకే దేహంతో శశిరేఖను, శశిరేఖ రూపంలోని ఘటోత్కచుణ్ణి అభినయిస్తుంటే వచ్చే నవ్వంతా ఈ తేడా నుంచి పుట్టినదే. రెండు ఎరుకలు కలిసి ఉన్న ప్రేక్షకుడు లేకపోతే ఆ హాస్యం పండదు.

సరిహద్దు ప్రాంతానికి ఇందులో మరో విశేషం ఉంది. మాయాబజార్ తెలుగు, తమిళ భాషలు రెండింటిలో తయారై 1957లోనే విడుదలైంది. తెలుగులో అభిమన్యుడు అక్కినేని నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్. కృష్ణుడు రెండింటిలోనూ రామారావే, శశిరేఖ సావిత్రే. కుప్పం వంటి చోట రెండు రూపాలనూ చూడగల ప్రేక్షకుడికి అదే సౌధంలో, అదే శశిరేఖకు ఇద్దరు అభిమన్యులు. మైదానంలో ఇద్దరు దుర్యోధనులను చూసినవాడికి ఇది చిక్కు కాదు. పాత్ర వేరు, దాన్ని మోసే దేహం వేరు అన్న పాఠం అతడికి కొత్తగా చెప్పనక్కరలేదు.

‘దేవుడనుకున్నారు’ అన్న వాదానికి ఇదే చిత్రం వెనక ఉన్న ఒక చరిత్ర కూడా అడ్డం వస్తుంది. అంతకుముందు సొంత ఊరు (1956)లో కొద్దిసేపు కృష్ణుడిగా కనిపించిన రామారావును ప్రేక్షకులు మెచ్చుకోలేదు. అందుకే ఆయన మాయాబజార్‌లో ఆ పాత్రకు మొదట వెనకాడారు, కె.వి. రెడ్డి పట్టుబట్టి ఒప్పించి, ఆహార్యంపై ప్రత్యేక శ్రద్ధ పెట్టారు. కిరీటం పెట్టిన ప్రతివాణ్ణీ దేవుడనుకునే ప్రేక్షకుడు ఏ కృష్ణుణ్ణీ తిరస్కరించడు. తిరస్కరించాడంటే తూకం వేశాడన్నమాట. వీధినాటకంలో పద్యం తప్పిన అర్జునుణ్ణి గేలిచేసిన నాలుకే ఇక్కడా పనిచేసింది.

6. కలపాట: గీత లేని గీత

పౌరాణిక, జానపదాల తరువాత సాంఘిక చిత్రాల్లో కల స్థిరపడిన చోటు పాట. హిందీలో ఆవారా (1951) స్వప్నదృశ్యం దేశమంతా పేరు పొందింది. అది కల అని మేఘాలు, మెట్లు, విగ్రహాలు చాటిచెప్పాయి. క్రమంగా తెలుగు సినిమాలో యుగళగీతం అటువంటి ఆనవాళ్లను వదిలేసింది. నాయిక ఓరచూపు చూస్తుంది, మరుక్షణంలో ఇద్దరూ వేరే దుస్తుల్లో ఏ కొండమీదో కనిపిస్తారు. పాట అయిపోతే తిరిగి అదే వీధి. కల ఎవరిది? ఆమెదా, అతడిదా, ప్రేక్షకుడిదా? సినిమా చెప్పదు, ఎవరూ అడగరు. ఇదీ ఒక నేర్చుకున్న అంగీకారమే. వీధినాటకంలో సూత్రధారి ఒక చుట్టు తిరిగితే హస్తిన నుంచి ద్వారక వచ్చేసినట్టు, ఇక్కడ వాద్యాల వరస మారితే లోకం మారుతుంది.

మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్ సినిమా చిత్రీకరణలు జరిగే చోటు. బయటివారికి అటువంటి కొండ కలలోని దృశ్యం. మదనపల్లె ప్రేక్షకుడికి బస్సెక్కి పోదగిన ఊరు. తన నిజం మరొకరి కలగా తెరమీద కనిపించడంలో అనిరుద్ధుడి అనుభవం కొంత ఉంది.

అయితే పాటలోని కల ఒక కొత్త సంగతిని తెచ్చింది. భారత ఉత్సవంలో గీత మైదానానికీ ఊరికీ మధ్య ఉండేది. కలపాటలో గీత సినిమా లోపలికే వెళ్లింది. సినిమాలో ఒక ‘కల’ ఉందంటే, పాటకు ముందూ వెనకా ఉన్నదంతా ‘నిజం’ అని అర్థం వస్తుంది. కొంత భాగానికి కల అని పేరు పెట్టి, మిగిలిన కల్పనకంతా నిజమన్న హోదా ఇచ్చే ఉపాయం ఇది. సినిమా గీతను చెరిపిందనే మాటలో కొంత సత్యం ఉంటే అది ఇక్కడే ఉంది. దేవుళ్ల వేషాల్లో కన్నా మామూలు మనుషుల కథల్లోనే గీత ఎక్కువగా కనుమరుగైంది.

7. తిరుపతి నుంచి మద్రాసుకు

వేంకటేశ్వరుడి కథను పి. పుల్లయ్య రెండుసార్లు తెరకెక్కించారు. 1939లో స్వామి పాత్రధారి సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, 1960 నాటి శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యంలో రామారావు. రెండో చిత్రం ఆడినప్పుడు థియేటర్ల ఆవరణల్లో స్వామి విగ్రహాలు పెట్టి పూజలు జరిపారన్నది ప్రసిద్ధం. ఇక్కడ గమనించవలసింది హారతి ఎవరికి పట్టారన్నది. తెరమీది నటుడికి కాదు, వరండాలోని విగ్రహానికి. మాట్లాడే దుర్యోధనుడు ఒకచోట, మట్టి దుర్యోధనుడు మరొకచోట ఉన్న పాత ఏర్పాటే సినిమాహాలులో తిరిగి కనిపించింది. అదే చిత్రంలో ఘంటసాల స్వయంగా కనిపించి స్వామి సన్నిధిలో పాడారు. ఎప్పుడూ మరొకరి పెదవుల వెనక ఉండే గొంతు ఒకసారి తన దేహంతో ముందుకు వచ్చింది. ఆయన ఎవరో ఎరిగి చూడడంలోనే ఆ దృశ్యం విలువ ఉంది.

తిరుపతి యాత్రికులు అటునుంచి మద్రాసు వెళ్లి రామారావు ఇంటి ముందు ఆయన దర్శనం కోసం నిలబడేవారన్నది తెలుగు సినిమా చరిత్రలో బాగా ప్రచారంలో ఉన్న విషయం. అమాయకత్వానికి దీన్ని తిరుగులేని నిదర్శనంగా చూపుతుంటారు. పై చర్చ వెలుగులో దీనికి మరో అర్థం సాధ్యం. వీధినాటకంలో వేషం దింపిన మనిషి మరునాడు ఎదురుపడేవాడు. ఆ ఎదురుపాటుతోనే కల ముగిసేది. సినిమా నటుడు ఎదురుపడడు. తెరమీద వెలుగు ఉంది, దేహం లేదు. తిరుమలలో దేవుణ్ణి చూసిన యాత్రికుడు మద్రాసు వెళ్లింది రెండో దేవుడి కోసమని అనుకోనక్కరలేదు. దేవుడి వేషం కట్టిన మనిషిని మనిషిగా చూడడానికి వెళ్లాడని అనుకోవచ్చు. సినిమా తనకు ఇవ్వని విసర్జనను అతడు తన ఖర్చుతో వెతుక్కున్నాడు.

రాజకీయాలకు కూడా ఈ దృష్టి వర్తిస్తుంది. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ ఏర్పడింది. 1983 జనవరిలో రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఎన్నికల్లో ఆయన పోటీచేసి గెలిచిన రెండు స్థానాల్లో గుడివాడతో పాటు తిరుపతి ఒకటి. తెరమీది వేంకటేశ్వరుడు తిరుపతి శాసనసభ్యుడయ్యాడన్న వాక్యం వినసొంపుగా ఉంటుంది, కాని అది వివరణ కాదు. 1989లో అదే ఓటర్లు ఆయన పార్టీని ఓడించారు. కల్వకుర్తిలో ఆయన స్వయంగా ఓడిపోయారు. 2009లో చిరంజీవి తిరుపతిలో గెలిచి, సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడిపోయారు. దేవుణ్ణి ఓటుతో దింపరు. వేషధారిని దింపుతారు. వేషం దింపడం తెలిసిన జనం ఆ పనిని మరో మైదానంలో చేశారు.

ఇటీవలి ఉదాహరణ ఒకటి చెప్పుకోవాలి. చిత్తూరు యాసను, నేపథ్యాన్ని తీసుకున్న పుష్ప చిత్రాల్లో రెండవదానిలో (2024) గంగమ్మ జాతర ఘట్టం ఉంది. కథానాయకుడు చీర కట్టి, నగలు పెట్టి, వేషంతో ఆడతాడు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవారు స్త్రీవేషం కట్టడం మొక్కుబడి. అమ్మవారి విశ్వరూప దర్శనం, ఆ మట్టిరూపాన్ని తొలగించడంతో జాతర ముగుస్తుంది. పుంగనూరు సుగుటూరు గంగమ్మ, కుప్పం తిరుపతి గంగమాంబ జాతరలు ఎరిగినవారికి ఆ వేషం పరాయిది కాదు. సినిమా జాతర నుంచి వేషాన్ని, ఆవేశాన్ని తీసుకుంది. మొక్కు తీరి వేషం దిగే ఘడియ మాత్రం తెరకు అవసరపడలేదు. జాతరలో ఏడాదికొకసారి వచ్చి వెళ్లే రూపం ఇప్పుడు చేతిలోని ఫోనులో ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆడుతుంది.

8. ఉపసంహారం

ఈ పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి.

మొదటిది, ఈ ప్రాంతపు ప్రేక్షకుడి అనుభవాన్ని భ్రమగా వర్ణించడం చారిత్రకంగా నిలవదు. తపసుమాను కింద కొంగుపట్టిన స్త్రీ, డేరాలో నేలమీద కూర్చున్న రైతు ఇద్దరూ రెండు ఎరుకలను కలిపి మోయగలవారు. శంకుకుడి చిత్రతురగ న్యాయం వారి అనుభవానికి ‘అమాయకత్వం’ అనే మాటకన్నా దగ్గరగా ఉంది.

రెండవది, కలకూ నిజానికీ మధ్య గీత అన్ని ప్రదర్శనలూ దాటేదే. ఒక ప్రదర్శనను మరొకదాని నుంచి వేరుచేసేది తిరుగుదారి. భారత ఉత్సవంలో కంకణం విప్పడం, మట్టి దుర్యోధనుణ్ణి కూల్చడం, వేషం దింపడం ఆ దారులు. టూరింగ్ టాకీసులో రీలు మార్చే విరామం అనుకోకుండా ఆ పని చేసింది. అతుకులు లేని ప్రదర్శన, కలపాట, ఆ తరువాత ఇంట్లోకీ చేతిలోకీ వచ్చిన తెర ఒక్కొక్కటే ఆ దారులను మూసివేశాయి. కాబట్టి ఆందోళన పడవలసింది 1957 నాటి నేల టిక్కెట్టు ప్రేక్షకుడి గురించి కాదు. అతడికి ఉన్న విసర్జన క్రియలు లేకుండా తెర ముందు కూర్చుంటున్న మన గురించి.

మూడవది, మన శాఖలకు సంబంధించినది. పౌరాణిక చిత్రాలను కావ్యమూలాలతో పోల్చే పరిశోధనలు తెలుగులో ఉన్నాయి. ప్రేక్షకుణ్ణి తయారుచేసిన వీధినాటకం, హరికథ, జాతరలతో పోల్చే పరిశోధన తక్కువ. చిత్తూరు పడమటి ప్రాంతపు భారత కళాకారుల్లో వయసు మళ్లినవారి పద్యాలు, వేషనియమాలు, కంకణ విధులు చాలావరకు వారి నోళ్లలోనే ఉన్నాయి. 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలోనే ఉండడం, మూడు భాషల ప్రదర్శనలు దాని చుట్టూనే సాగడం ఈ పనికి అనుకూలమైన పరిస్థితి. ప్రతి ఏటా ఎండాకాలంలో మాను పాతుతున్నారు. ఎక్కే పద్యాలు తెలిసినవారు ఉన్నప్పుడే వాటిని రాసిపెట్టుకోవడం సాధ్యం.